తప్తపాణి దారిలో మా అంబాసిడర్

మా బరంపురానికి తప్తపాణి సుమారు 50 కిలోమీటర్లు. అక్కడి గంధకపు వేడినీళ్ళంటే అమ్మ మోకాళ్ళకు గురి. నాన్నగారు 1984లో కొన్న అంబాసిడర్‌లోనే వెళ్దామని పట్టుబట్టింది. దాన్ని అమ్మేద్దామన్న నా మాట ఆవిడకు రుచించలేదు మరి!

దిగపహండి దాటి ఘాటీ ఎక్కుతుండగా వేడి చూపే ముల్లు పైకి పాకింది. దిగి చూస్తే వాటర్ పంపు అడుగునున్న చిన్న రంధ్రంలోంచి నీళ్ళు ధారకట్టాయి. ఆ రంధ్రం ఉన్నదే అందుకు. లోపలి సీలు అరిగితే నీరు బేరింగులోకి పోకుండా బయటపడి మనకు చెబుతుంది. పంకా పట్టుకుని ఊపితే ఇరుసు లొడలొడలాడింది. ఇంజను చల్లారేదాకా రేడియేటరు మూత ముట్టలేదు.

"డిక్కీలో మీ నాన్న పెట్టారు, చూడు" అంది అమ్మ. నూనెగుడ్డలో చుట్టిన కొత్త పంపు!

కబురందుకుని వచ్చిన ఒడియా మేస్త్రీ, ఇన్నేళ్ళకు దాని సీలు గట్టిపడి ఉంటుందేమోనని కాస్త సందేహించాడు. డైనమో వదులుచేసి బెల్టు తీశాడు, పంకా విప్పాడు. ఎండిపోయిన పాత గ్యాస్కెట్టును బ్లేడుతో ఓపిగ్గా గీకాడు. "ఆ తునక మిగిలితే మళ్ళీ కారుతుంది, ఆజ్ఞా" అన్నాడు. కొత్తది అట్ట కత్తిరించి అమర్చి, బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాడు.

చీకటి పడేవేళకు అమ్మ కాళ్ళు తప్తపాణి నీళ్ళలో ఉన్నాయి. బరంపురం వచ్చాక అదే నూనెగుడ్డలో ఇంకో పంపు చుట్టి డిక్కీలో పెట్టాను.