పాలు మానిపిస్తే పడిశం తగ్గుతుందా?

కృష్ణపట్నం దగ్గరి పల్లె నుంచి అత్తాకోడళ్ళిద్దరు మా ఆసుపత్రికి వచ్చారు. కోడలి చంకలో నాలుగు నెలల పాప. అత్తగారి చెయ్యి పట్టుకుని ఐదేళ్ళ మనవడు. వాడు గదిలోకి వస్తూనే వరసపెట్టి ఏడెనిమిది తుమ్ములు తుమ్మి, అరచేత్తో ముక్కును కిందినుంచి పైకి రుద్దుకున్నాడు. ముక్కు మీద అడ్డంగా చిన్న గీత, కళ్ళ కింద నలుపు. నీళ్ళలాంటి చీమిడి, జ్వరం లేదు. ముక్కు ఎలర్జీ అని చెప్పడానికి పెద్ద పరీక్షలేమీ అక్కరలేకపోయింది.

"మా కోడలి పాలు చలవ సారూ. వీడికి రెండేళ్ళు ఇచ్చింది. పడిశం ఇడవనే ఇడవదు. ఈ బిడ్డకన్నా మానిపించి డబ్బా పాలు పడదామంటే వినదు. మీరన్నా చెప్పండి" అన్నదావిడ.

నేను నోరు విప్పేలోగా కోడలు అన్నది: "నా పాలు తాగితే బిడ్డకు ఎలర్జీలు రావని వీడు పుట్టినప్పుడు మీరే గదా సార్ చెప్పింది?"

నిజమే, చెప్పాను. ఆమెకే కాదు, కాన్పుల వార్డులో ఎందరో తల్లులకు అదే మాట చెప్పాను. మంచి పనికి నాలుగు మాటలు ఎక్కువ చెప్పినా తప్పులేదనుకునే వాణ్ణి. ఇప్పుడు ఆ ఎక్కువ మాటే ఒక పసికందు నోటి దగ్గరి పాలకు ఎసరు తెచ్చింది.

అసలు సంగతి ఇది. బెలారస్ దేశంలో 1996-97లో పుట్టిన 17 వేలమందికి పైగా శిశువులను వైద్యులు పరిశీలించారు. కొన్ని ఆసుపత్రుల్లో తల్లిపాలను ప్రత్యేకంగా ప్రోత్సహించారు, కొన్నింట్లో మామూలుగా వదిలేశారు. ప్రోత్సహించినచోట మొదటి ఏడాది పిల్లలకు విరేచనాలు, గజ్జి వంటి చర్మవ్యాధి తగ్గాయి. కాని ఆరున్నరేళ్ళ వయసులో చూస్తే ఉబ్బసంలోగాని, ముక్కు ఎలర్జీలోగాని తేడా కనబడలేదు. అనేక పరిశోధనలను కలిపి 2015లో లెక్కగట్టినప్పుడు, ఐదేళ్ళలోపు పిల్లల్లో ముక్కు ఎలర్జీ కొంత తక్కువని తేలింది, అదీ బలహీనమైన ఆధారమే. అంటే తల్లిపాలు కాస్త మేలు చేయవచ్చు, హామీ మాత్రం ఇవ్వలేవు. ఎలర్జీని తెచ్చిపెట్టడమన్నది మాత్రం లేదు. పాలకు చలవా వేడీ లేవు.

మరి ఎక్కడినుంచి వచ్చింది? "మీ ఇంట్లో ఇంకెవరికైనా తుమ్ములుంటాయా?" అని అడిగాను. పెద్దావిడ కాసేపాగి, "ఇల్లూడ్చేటప్పుడు నాకూ వస్తాయి. మా వోడికి చిన్నప్పుడు ఆయాసం" అన్నది. కోడలు తల వంచుకుంది గాని, నవ్వు దాచుకోలేకపోయింది.

వంశం ఒక్కటే చాలదు, దానికి రాజేసేది కావాలి. సముద్రపు తేమలో పాత పరుపుల్లో, దిండ్లలో కంటికి కనిపించని దుమ్ముపురుగులు బాగా పెరుగుతాయి. పైగా 2008లో ఇక్కడ పెద్ద రేవు వచ్చింది, బొగ్గు దిగుతోంది. బొగ్గుపొడి నేరుగా ఎలర్జీ కాదు గాని, ఒరిసిపోయిన ముక్కును మరింత మండిస్తుంది. ఇక ఇంట్లో దోమల చుట్టల పొగ, బీడీ పొగ, స్నానం కాగానే పసిబిడ్డకు సాంబ్రాణి! ఈ మూడూ మానమన్నాను. దుప్పట్లు, దిండు గలీబులు వారానికొకసారి బాగా వేడినీళ్ళలో ఉతకాలి. వాడికి ముక్కులో కొట్టుకునే మందు రాసి, కొట్టే పద్ధతి చూపించాను. రోజూ వాడితేనే గుణం, తుమ్మినప్పుడు మాత్రమే కొట్టుకుంటే డబ్బు దండగ.

పాపకూ ముక్కు దిబ్బడగా ఉంది. పసిపిల్లలు ప్రధానంగా ముక్కుతోనే ఊపిరి పీలుస్తారు కనుక, అది మూసుకుంటే చన్ను పట్టి వెంటనే వదిలి ఏడుస్తారు. దాన్ని చూసి పాలు పడలేదనుకోవడం పొరపాటు. పాలిచ్చే ముందు మందుల షాపులో దొరికే ఉప్పునీటి చుక్కలు ఒకటి రెండు వేసి తుడిస్తే చాలు. ఆముదం, కొబ్బరినూనె ముక్కులో వేయకండి. ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. జలుబు సిరప్పులూ వద్దు. బాగా అమ్ముడుపోయే ఒక మిశ్రమాన్ని నాలుగేళ్ళలోపు పిల్లలకు వాడరాదని సీసా మీదనే రాయాలని 2023లో ప్రభుత్వం ఆదేశించింది. బాలింతలు కూడా ముక్కు దిబ్బడకు మాత్రలు సొంతంగా మింగరాదు. కొన్నిటివల్ల పాలు తగ్గుతాయి.

"చేపలు మానాలా సార్?" అన్నది కోడలు. అక్కరలేదు. పాలసొర వండిపెడితే శుభ్రంగా తినమన్నాను.

పెద్దావిడ సంచిలోంచి అప్పటికే కొన్న పాలడబ్బా తీసింది. తల్లిపాలే శ్రేష్ఠమని ప్రతి డబ్బా మీదా ముద్రించాలని 1992 చట్టం చెబుతోంది. ఆ అక్షరాలు చూపించి, "దీన్ని అమ్మేవాళ్ళే ఒప్పుకున్నారమ్మా" అన్నాను. ఆవిడ చదివి, షాపువాడు వెనక్కి తీసుకుంటాడా అని అడిగింది.

రెండు నెలలకు మళ్ళీ వచ్చారు. పిల్లవాడి తుమ్ములు పూర్తిగా పోలేదు గాని, రాత్రి నోరు తెరవకుండా పడుకుంటున్నాడట. పాప తల్లిపాలే తాగుతోంది, గంజీ పప్పూ ఎప్పుడు మొదలెట్టాలని అడగడానికి వచ్చారు. ఆరో నెల నిండింది గనుక ఆ వేళే మొదలెట్టి, చన్నుపాలు కూడా రెండేళ్ళదాకా కొనసాగించమన్నాను. ఎలర్జీ రాదని ఈసారి చెప్పలేదు.