అంధేరీ తోట, బోరివలి మేడ

మొన్న ఆదివారం మేము అంధేరీ వెళ్ళి ఒక తోట చూసి వచ్చాము. బొంబాయి వచ్చినవారికి చూపించే తోటల్లో ఇది లేదు. నాలుగు బెంచీలు, ఒక జారుడుబల్ల, చుట్టూ ఇనుప కంచె, అంతే. అయినా పనిగట్టుకొని బోరివలి నుండి లోకల్ బండిలో వెళ్ళామంటే కారణం ఉంది. మా ఎదురు మేడలో పై మూడు అంతస్తులు ఈ తోటలోంచి పుట్టినవే.

నవ్వకండి, చెబుతాము. ఇక్కడ ఎంత జాగాలో ఎంత కట్టవచ్చునో ఒక లెక్క ఉంది, ఎఫ్.ఎస్.ఐ. అంటారు. శివారుల్లో ఆ లెక్క ఒకటి. అంటే 1000 చదరపు అడుగుల జాగాలో అన్ని అంతస్తులూ కలిపి 1000 అడుగులే. ఒకరి జాగాను ప్లానులో తోటకని గుర్తుపెట్టారనుకోండి. ఆయన ఇల్లు కట్టుకోలేడు, కొనడానికి నగరపాలక సంస్థ దగ్గర డబ్బుండదు. ఏళ్ళ తరబడి పడి ఉండి చివరకది ఆక్రమణ పాలవుతుంది. అందుకని 1991 నియమావళిలో ఒక ఉపాయం పెట్టారు. జాగా ఒప్పజెబితే, నగదుకు బదులు కట్టుకునే హక్కును కాగితం మీద రాసి ఇస్తారు. అదే టీడీఆర్. ఆయన దాన్ని బిల్డరుకు అమ్ముకుంటాడు. ఆ నియమావళి కింద బిల్డరు తన జాగాకు చేర్చి, ఒకటికి బదులు రెండు వరకు కట్టేవాడు. గుమాస్తా పనిలో మేము ఎన్నో కాగితాలు చూశాము గాని, నేలను వదిలి నడిచిపోయే హక్కు ఇదొక్కటే.

ఆ నడక కూడా అప్పట్లో ఇష్టం వచ్చిన వైపు కాదు. పుట్టిన వార్డులో వాడాల్సి ఉండేది, లేదా దానికి ఉత్తరాన ఉన్న వార్డుల్లో. పాత నగరంలో పనికివచ్చేది కాదు. మా కుటుంబమూ అలాగే జరిగింది లెండి: తాతగారు కామాఠీపుర, నాన్నగారు పరేలు, మేము బోరివలి.

ఎదురు మేడ సెక్రటరీగారు మాకు పాత స్నేహితులు. వారి ఫైలులో ఆ జాగా నెంబరు చూసే వెళ్ళాము. కాపలా ముసలాయన సాతారా వైపువాడు. మరాఠీలో పలకరిస్తే, ఒకప్పుడు ఇదంతా బురద, చెత్త అన్నాడు. ఇప్పుడు సాయంత్రమైతే పిల్లలకు చోటు చాలదట. అమ్మ బెంచీ మీద కూర్చుని ఒక పట్టాన లేవలేదు.

తిరుగు బండిలో జోగేశ్వరి, గోరేగావ్, మలాడ్, కాందివలి, ప్రతి స్టేషను దగ్గరా ఆకాశంలో క్రేన్లే. తూర్పున జాతీయ ఉద్యానవనం కొండలు. అది 100 చదరపు కిలోమీటర్లకు పైబడిన అడవి. 1997 హైకోర్టు ఉత్తర్వు తరువాత అందులో గుడిసెలు వేసుకున్నవారిలో కొందరికి చాందివలిలో ఇళ్ళు కట్టించారు. కట్టినవారికి ప్రతిఫలం ఈ టీడీఆరే.

ఇంతా చేసి మా వీధి వెడల్పు మారలేదు. హక్కు వచ్చింది గాని దాని వెంట నీళ్ళ గొట్టం రాలేదు. ఎదురు మేడ లేచినప్పటి నుండి మా అమ్మ తులసికి పొద్దుటి ఎండ పది దాటితేగాని తగలదు.

ఇప్పుడు మా వంతు. మా మేడ స్లాబులో చువ్వలు బయటపడ్డాయి. పడగొట్టి కడతామని బిల్డరు వచ్చాడు. అతనూ టీడీఆర్ తెస్తాడు. 2018 నాటి కొత్త నియమావళిలో ఉత్తరం, దక్షిణం పట్టింపు పోయింది. భూమి రేట్లు, రోడ్డు వెడల్పు చూస్తారు, పాత నగరంలోనూ వాడవచ్చు. మాది ఏ తోటలోంచి వస్తుందని అడిగితే, బిల్డరు మనిషి మమ్మల్ని వింతగా చూశాడు. "అది బజారులో కొంటామండీ" అన్నాడు.

"వెనక వీధివాళ్ళకు ఎండ పోతుందేమోనండీ" అంది మా ఆవిడ. అమ్మ మాత్రం, "లిఫ్టు వస్తుందిగదరా, మూడంతస్తులు ఎక్కలేకపోతున్నాను, సంతకం పెట్టు" అంది.

గురువారం పెట్టాము. సొసైటీ మీటింగులో నీళ్ళ సంగతి, రోడ్డు సంగతి అడిగితే మినిట్సులో రాసుకున్నారు.