కరువులో లేచిన గోపురం

"మెదక్ చర్చికి పోయొద్దాం పా బిడ్డా" అని అమ్మ అంటే నాకు చిరాకేసింది. మూడేళ్ళుగా సర్కారు కొలువు కోసం చదువుతున్నా. ఒకసారి పరీక్ష వాయిదా పడింది. ఇంకోసారి రాసిన పరీక్షే రద్దయింది. మధ్యలో నాన్నకు గుండె ఆపరేషన్. నా హాస్టల్ ఫీజు కోసం అమ్మ గాజులు తాకట్టుకు పోయాయి. "అంతా దేవుని చిత్తం, ఓపిక పట్టు" అని ఎవరన్నా అంటే తలూపేదాన్ని. నిజం చెప్పాలంటే, ఆర్నెల్లుగా ప్రార్థన చేయడమే మానేశా. అమ్మకు తెలియదనుకున్నా.

శనివారం పొద్దున్నే జేబీఎస్‌లో బస్సెక్కాం. ఆధార్ చూపిస్తే ఇద్దరికీ జీరో టికెట్. నర్సాపూర్ అడవి దాటి, దాదాపు వంద కిలోమీటర్లు. ఊరు దగ్గరపడుతుంటేనే 175 అడుగుల గోపురం కనిపిస్తుంది.

ఫొటోల్లో చూసింది వేరు, కింద నిలబడి తలెత్తి చూడటం వేరు. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు. లోపల చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. రంగుటద్దాల కిటికీల్లో క్రీస్తు జననం, సిలువ, ఆరోహణం. వెనకాల లైట్లేమీ లేవు, వెలుగంతా ఎండదే. మబ్బు పట్టినప్పుడు రంగులు మసకబారాయి. కాసేపటికి మళ్ళీ వెలిగాయి.

ఈ చర్చి మంచి రోజుల్లో కట్టింది కాదు. 1914లో పని మొదలైంది. అవతల మొదటి ప్రపంచ యుద్ధం, ఇవతల కరువు. ఆకలితో ఉన్నవాళ్ళకు పని ఇచ్చి, దానికి బదులు తిండి పెట్టాలని చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే ఇంగ్లిష్ మిషనరీ పూనుకున్నారు. పదేళ్ళు పట్టింది. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది.

బయట చెట్టు కింద ఒక పెద్దాయన కూర్చుని ఉంటే మాట కలిపా. "మా తాత ఈడ రాళ్ళు మోసిండట బిడ్డా" అన్నాడు.

"ఇంత పెద్ద గుడి కడుతున్నమని ఆయనకు తెల్సా తాతా?"

"ఏం తెలుస్తది? పొద్దుగూకేసరికి ఇంట్ల గింజలుండాలె. గంతే."

ఆ మాట దగ్గరే ఆగిపోయా. ఇన్నాళ్ళూ విశ్వాసమంటే, చివరికి అంతా బాగవుతుందని ముందే నమ్మేయడం అనుకున్నా. అలా నమ్మలేకపోయా కాబట్టి నాకు విశ్వాసం లేదనీ అనుకున్నా. కానీ ప్రభువు నేర్పిన ప్రార్థనలో అడిగేది పదేళ్ళ తిండి కాదు, ఆ రోజుకు కావాల్సిందే. కీర్తనలు రాసినవాళ్ళు కూడా ఎంతకాలం ఇలా అని దేవుణ్ణి నిలదీశారు. ఆయన మీద అలిగినా, మాట్లాడింది మాత్రం ఆయనతోనే. నేను చేసిన తప్పు కోపం తెచ్చుకోవడం కాదు, మాట్లాడటం మానేయడం.

మళ్ళీ లోపలికెళ్ళా. అమ్మ ఇంకా మోకాళ్ళ మీదే ఉంది. పక్కన కూర్చుని, "నాకు చాలా కోపంగా ఉంది ప్రభువా. ఇవాళ్టికి మాత్రం చదివే ఓపిక ఇవ్వు" అన్నా. అంతకన్నా ఏమీ రాలేదు. అమ్మ కళ్ళు తెరవకుండానే నా చెయ్యి పట్టుకుంది. "ఆర్నెల్లాయె నీ గొంతు ఇనక" అంది.

మీరూ వెళ్ళాలనుకుంటే పగలే వెళ్ళండి. చీకటి పడితే ఆ కిటికీల రంగులు కనిపించవు. ఆరాధన జరిగేటప్పుడు ఫోన్ లోపల పెట్టేయండి. టైముంటే ఊళ్ళోనే ఉన్న మెదక్ కోట కూడా ఎక్కి రండి.

మా పరీక్ష తేదీ ఇంకా రాలేదు. గాజులూ ఇంకా ఇంటికి రాలేదు. ఈ రోజుకు మాత్రం రెండు చాప్టర్లు అయ్యాయి.