ఇంగ్లీషు ఆకాశంలో హైదరాబాదు

పేర్లకు కూడా నుదుటి వ్రాత వుంటుంది కాబోలు. ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆయన ఆరవ నిజాము కొలువులో వుంటూ మా వూళ్లో ఒక దుకాణం పెట్టాడు. దుకాణం ఎన్నడో పోయింది. పేరు మాత్రం పేటకంతకూ అంటుకుని ఆబిడ్స్ అయి కూర్చుంది. హైదరాబాదు పేరు కూడా ఒకప్పుడు అలాగే సముద్రాలు దాటి వెళ్లి, ఇంగ్లండులో యుద్ధవిమానాలకు అంటుకుంది. ఆ సంగతి నాకు మొదట తెలిసింది ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద.

ఆదివారం మూసివున్న దుకాణాల ముందు పాత పుస్తకాలు పరుస్తారు కదా. ప్రబంధాల కోసం వెతుకుతూంటే అట్ట వూడిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి చేతికి తగిలింది. నిండా బ్రిటిషు విమానదళాల ముద్రలు. సింహాలూ, గద్దలూ, కత్తులూ - వాటి నడుమ ఒక తలపాగా! చూడగానే పోల్చుకున్నాను, అది నిజాము దస్తారు. కింద, 152 హైదరాబాద్ స్క్వాడ్రన్ అని వుంది. పుస్తకాలాయన అడిగినంతా ఇచ్చేశాను. బేరమాడకుండా కొన్నందుకు మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతూనే వుంటుంది. నాంపల్లి స్టేషను దాకా నడిచి, అక్కడే బెంచీమీద కూర్చుని చదవడం మొదలుపెట్టాను. అది మొదలు, దొరికినదల్లా చదివాను.

మీర్ ఉస్మాన్ అలీఖాన్ మొదటి ప్రపంచయుద్ధంలోనే 110వ స్క్వాడ్రనుకు విమానాలు కొనిచ్చాడు. అవి బాంబులు వేసేవి. 1918లో బ్రిటిషువారు ఆయనకు 'విశ్వాసపాత్రుడైన మిత్రుడు' అని బిరుదిచ్చారు. రెండో యుద్ధం వచ్చేసరికి 152, 253 అనే రెండు ఫైటర్ స్క్వాడ్రన్లు హైదరాబాదు పేరు పెట్టుకున్నాయి. 152వ దళం ఆ బిరుదునే తన నినాదంగా తీసుకుంది. తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి కనుక ఒక మాట అంటాను: మన కావ్యాల్లో ఇలాంటి మిత్రుణ్ణి సామంతుడు అంటారు.

1940 జులైలో ఈ దళం తన స్పిట్‌ఫైర్లతో ఇంగ్లండు దక్షిణాన వార్మ్‌వెల్ చేరింది. పోర్ట్‌లండ్ నౌకాస్థావరానికి కాపలా కాయడం దాని పని. విమానాలు నడిపినవాళ్లలో చాలామంది పసివాళ్లు. ఎరిక్ మార్స్ అనే కుర్రాడికి పందొమ్మిదేళ్లు. తోటివాళ్లు 'బోయ్' అనే పిలిచేవారు. పోరాడి వచ్చిన ముచ్చట్లన్నీ తండ్రికి ఉత్తరాలు రాసేవాడు. 1941 జులై 24న ఫ్రాన్సులోని బ్రెస్ట్ మీద ప్రాణం పోగొట్టుకున్నాడు. నా క్లాసులో వెనక బెంచీల మీద కూర్చునేది ఆ యీడువాళ్లే. హాజరు పిలిచేటప్పుడు ఒక్కొక్కనాడు అతను గుర్తొస్తాడు.

అదే దళంలో డగ్లస్ షెప్లీ 1940 ఆగస్టు 12న సముద్రం మీద మరణించాడు. అప్పటికే అతని అన్నదమ్ముల్లో ఒకడూ, తోబుట్టువొకతీ యుద్ధానికి బలయ్యారు. తల్లీ, డగ్లస్ భార్యా ఏడుస్తూ కూర్చోలేదు. ఇంటింటా చందాలు పోగుచేసి ఒక స్పిట్‌ఫైరు కొనిచ్చారు. ఆ రోజుల్లో చందాదారులకు దాని వెల 5,000 పౌన్లు. ఆ విమానానికి షెప్లీ పేరే పెట్టారు.

ఇది చదివి వినిపిస్తే మా ఆవిడ కూర తరగడం ఆపి, ''ఏమండీ, ఆవిడ వూరివాళ్లను అడిగి తెచ్చింది సరే. మనవాళ్లను ఎవరన్నా అడిగారా?'' అంది.

నాకు నల్లగొండ జిల్లాలో మా నాయనమ్మ చెప్పిన మాట జ్ఞాపకం వచ్చింది. ''యుద్ధం యుద్ధమని లెవీ కింద వడ్లు కొలుసుకపోయిండ్రు బిడ్డా. మేము గటక తాగి పండుకున్నం'' అనేది. ఆ వడ్లే విమానాలయ్యాయని అనను. లెక్క అలా కుదరదు. కాని ఖజానాలోకి వచ్చే బాటల్లో రైతు గాదె గుండా వచ్చేదే పెద్దబాట. ఆ యుద్ధం గురించి ఆమెకు తెలిసింది గటకే. ఆకాశంలో మన పేరు తిరిగిందని ఆమెకు చెప్పినవాళ్లు లేరు.

1943 చివర ఆ దళం మన దేశానికే వచ్చింది. రెక్కల మీది గుండ్రటి గుర్తు మాటెలా వున్నా, విమానం పక్కనున్న గుర్తుమీదుగా దూకే నల్లచిరుతను గీసుకుని, ఇంఫాల్ వైపూ, బర్మాలోనూ జపానువాళ్లతో పోరాడింది.

అయిదేళ్లు గిర్రున తిరిగాయి. 1948 సెప్టెంబరులో భారత సైన్యం హైదరాబాదులో ప్రవేశించినప్పుడు, మన టెంపెస్టు విమానాలు బీదరు, వరంగల్లు విమానాశ్రయాల మీద దాడిచేశాయి. పరదేశానికి స్క్వాడ్రన్లకు స్క్వాడ్రన్లే దానం చేసిన ప్రభువుకు ఆనాడు ఎదురు పంపడానికి సొంత యుద్ధవిమానం ఒక్కటీ లేదు. విశ్వాసపాత్రుడికి మిత్రులెవరూ రాలేదు. 1956లో ఆ రాష్ట్రమే లేకుండా పోయింది.

152వ దళం మాత్రం నడుమ రద్దవుతూ, మళ్లీ పుడుతూ, దస్తారు ముద్రతోనే బహ్రెయిన్ దాకా వెళ్లి, అక్కడ 1967లో ముగిసింది. ఆ యేడే ఫిబ్రవరి 24న, ఆబిడ్స్‌కు దగ్గర్లోనే కింగ్‌కోఠీలో, ఉస్మాన్ అలీఖాన్ కన్నుమూశాడు.