బీచ్ దగ్గర కాదు, కంచరపాలెం మెట్టు దగ్గర కలుద్దాం

కాలేజీ రూమ్మేట్ ఒకడు పోయిన డిసెంబర్‌లో బెంగళూరు నుంచి మెసేజ్ పెట్టాడు. "మొదటిసారి వైజాగ్ వస్తున్నా రా. కైలాసగిరి, యారాడ అన్నీ రీల్స్‌లో చూసేశా. నాకు సినిమాల్లో వైజాగ్ చూపించు. క్యాబ్ వద్దు, నడిచే తిరుగుదాం."

ఐడియా సూపర్. కానీ నాకు చిన్నగా చెమట పట్టింది. సినిమాల వైజాగ్ నడిచి చూపించాలంటే కంచరపాలెం లేకుండా కుదరదు. మా ఇల్లు ఉన్నది అక్కడే. వాడికి మాత్రం నాలుగేళ్లూ "మాది బీచ్ రోడ్ దగ్గర" అని చెప్పా.

ఎందుకలా చెప్పానంటే పెద్ద కారణమేం లేదు. హాస్టల్లో మొదటి వారం "వైజాగ్" అనగానే అందరూ "అబ్బా, బీచ్ పక్కనేనా?" అన్నారు. ఔనన్నా. ఆ తర్వాత మార్చడం కుదరలేదు. "ఏటి" అనడం మానేసి "ఏంటి" అనడం కూడా అప్పుడే నేర్చుకున్నా. సినిమాల్లో మా యాస వినబడిందంటే చాలాసార్లు అది కామెడీ సీనే. ఎవడు నవ్వించుకుంటాడు?

2018 సెప్టెంబర్‌లో 'కేరాఫ్ కంచరపాలెం' రిలీజైంది. నేను ఫైనలియర్. రూమ్ మొత్తం సెకండ్ షోకి వెళ్లాం. తెర మీద మా సందుల్లాంటి సందులు, మా అమ్మ మాట్లాడినట్టే మాట్లాడే మనుషులు. వెంకటేష్ మహా తీసిన ఆ సినిమాలో 80 మందికి పైగా ఆ ఏరియా వాళ్లే, అంతకుముందు కెమెరా ముందు నిలబడనివాళ్లే నటించారు. ఇంటర్వెల్లో వీడే అడిగాడు. "రేయ్, మీ వైజాగే కదా! ఈ ఏరియా నీకు తెలుసా?"

"పేరు విన్నా. ఎప్పుడూ వెళ్లలేదు" అన్నా.

ఆ మాట ఏడేళ్లు నాతోనే తిరిగింది.

అందుకే ఈసారి గూగుల్ మ్యాప్స్‌లో పిన్ పెట్టి పంపా. "ఉదయం 6 గంటలకి కంచరపాలెం మెట్టు దగ్గర కలుద్దాం." వాడు ఆటో దిగగానే, ధైర్యం పోకముందే చెప్పేశా. "మాది బీచ్ రోడ్ కాదు రా. ఇదే."

వాడు అటూ ఇటూ చూశాడు. "సరే. ముందు టీ ఎక్కడ దొరుకుద్ది?" అన్నాడు. అంతే.

టీ మా ఇంట్లోనే తాగాం. అమ్మ ఉప్మాలోకి పండుమిరప పచ్చడి వేసింది. "ఏటి నాయనా, అందరూ బీచి చూడ్డానికొస్తారు, నువ్వేటి ఈ సందులంట తిరుగుతన్నావు?" అని అడిగింది. వాడు పచ్చడి నాకుతూ "ఈ టేస్ట్ నాకు తెలుసు ఆంటీ" అన్నాడు. మర్యాదకి అన్నాడనుకున్నా.

సినిమా చూసి కంచరపాలెం వస్తే మొదట తెలిసేది, ఇక్కడ 'స్పాట్' అంటూ ఏదీ ఉండదని. బోర్డు లేదు, సెల్ఫీ పాయింట్ లేదు. గోడకు గోడ అంటుకున్న ఇళ్లు, అరుగుల మీద కూర్చున్న పెద్దవాళ్లు, రైతు బజార్‌కి సంచులతో పోయేవాళ్లు, మాట మధ్యలో రైలు కూత. రైలు కూత వస్తే మాట ఆపి, అది పోయాక అక్కడి నుంచే మళ్లీ మొదలెట్టడం మా వీధిలో అందరికీ అలవాటు. మావాడు పది నిమిషాల్లో నేర్చేసుకున్నాడు.

(సినిమా చూడనివాళ్లు ఈ పేరా దాటేయండి. స్పాయిలర్ ఉంది.) అందులో నాలుగు ప్రేమకథలుంటాయి. స్కూలు పిల్లాడిది ఒకటి, జోసెఫ్‌ది ఒకటి, గడ్డందీ సలీమాదీ ఒకటి, పెళ్లి కాని ఆఫీసు అటెండర్ రాజుది ఒకటి. సలీమాగా కనిపించే అమ్మాయి ఆ సినిమా నిర్మాత పరుచూరి ప్రవీణే. చివర్లో తెలుస్తుంది, నాలుగూ ఒక్క మనిషి జీవితమేనని. నడుస్తుంటే ఆ ట్రిక్ ఇంకా బాగా అర్థమవుతుంది. గుడి, చర్చి, మసీదు, బడి, వైన్ షాపు అన్నీ కలిపి ఒక మనిషి పుట్టి పెరిగి ముసలయ్యేంత మేర. అంతా కాళ్లకి అందే దూరమే.

అక్కడి నుంచి జ్ఞానాపురం వైపు నడిచాం. సెయింట్ పీటర్స్ కేథడ్రల్ దాటి రైల్వే స్టేషన్ వెనక గేటు దగ్గరికి. వైజాగ్ రెండుగా విడిపోయేది ఇక్కడేనని నా థియరీ. పట్టాలకి ఇటు పక్క ఫ్యాక్టరీలు, వర్క్‌షాపులు, షిఫ్టు డ్యూటీల జనం. అటు పక్క సెంటర్లు, షోరూములు, సముద్రం. చిన్నప్పుడు పట్టాలు దాటి అటు వెళ్లడాన్ని మేం "టౌన్‌లోకెళ్లడం" అనేవాళ్లం. మేమూ టౌన్‌లోనే ఉన్నామని మాకు తెలీదు.

అల్లిపురం, డాబాగార్డెన్స్ మీదుగా జగదాంబ సెంటర్. ఇక్కడ సినిమా షూటింగ్ గురించి చెప్పక్కర్లేదు, సెంటర్ పేరే సినిమా హాలు పేరు. జగదాంబ థియేటర్ 1970లో మొదలైంది. తర్వాత ఆ కూడలి మొత్తం ఆ పేరుతోనే స్థిరపడిపోయింది. ఇప్పుడు జీవితంలో ఒక్క సినిమా కూడా అక్కడ చూడనివాడు సైతం ఆటో ఎక్కి "జగదాంబ" అంటాడు.

జగదాంబ నుంచి కలెక్టరాఫీస్ వైపు వచ్చి డౌన్ దిగాలి. వైజాగ్ వాళ్లకి ఎత్తుపల్లాలే అడ్రస్‌లు. మెట్టు అంటాం, డౌన్ అంటాం. ఆ డౌన్‌లో దిగుతుంటే రోడ్డు చివర నీలంగా ఒక గీత కనిపిస్తుంది. మావాడు ఆగిపోయాడు. "ఇన్ని సినిమాల్లో సముద్రం చూశా గానీ ఇలా రావడం ఎందులోనూ చూళ్లేదు రా" అన్నాడు. నిజమే. సినిమాలో కట్ చేస్తే బీచ్. మేం మాత్రం 8 కిలోమీటర్లకి పైనే నడిచొచ్చాం. చిన్నప్పుడు ఆదివారం బీచ్‌కి వెళ్లాలంటే మా నాన్న శనివారం రాత్రే ప్లాన్ చేసేవాడు. ఆ దూరం ఏ తెర మీదా కనిపించదు.

ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ దగ్గర కూర్చున్నాం. 1969లో నేవీలో చేరి 2001లో రిటైరైన అసలు జలాంతర్గామి ఇది. 2002 నుంచి ఇసుక మీద మ్యూజియం. దీన్ని చూస్తే ఎవరికైనా 'ఘాజీ' గుర్తొస్తుంది. 1971 యుద్ధంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది ఈ విశాఖ తీరానికి దగ్గర్లోనే. 2017లో వచ్చిన సినిమాలో చూపించిన సబ్‌మెరైన్ లోపలి భాగం మాత్రం సెట్టు. సెట్టులో హీరో నిటారుగా నడుస్తాడు. కురుసుర లోపల మనం తల కాపాడుకుంటూ నడవాలి. తేడా అక్కడే తెలుస్తుంది.

చివరి స్టాప్ భీమిలి. ఇది నడిచే దూరం కాదు, పాతిక కిలోమీటర్లకి అటూ ఇటూ. 900కె బస్సులో సముద్రం వైపు కిటికీ సీటు పట్టండి. కె.బాలచందర్ 'మరోచరిత్ర' (1978) ఎక్కువగా వైజాగ్‌లో, ఈ భీమిలిలో తీసిందే. ఒకరి భాష ఒకరికి రాని తమిళబ్బాయి కమల్‌హాసన్, తెలుగమ్మాయి సరిత. అదే కథని హిందీలో 'ఏక్ దూజే కేలియే'గా తీసినప్పుడు ఊరు గోవా అయింది. కథ అదే, సముద్రం మారింది. ఆ బ్లాక్ అండ్ వైట్ సినిమా నుంచి కేరాఫ్ కంచరపాలెం దాకా సరిగ్గా 40 ఏళ్లు. తెర మీద వైజాగ్ సముద్రం నుంచి మా మెట్టు దాకా రావడానికి అంత టైం పట్టింది.

మీరూ నడవాలనుకుంటే నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య రండి, మిగతా నెలల్లో ఉక్కపోత చంపేస్తుంది. ఉదయం 6కే మొదలుపెట్టండి. సబ్‌మెరైన్ మ్యూజియానికి సోమవారం సెలవు. కంచరపాలెంలో ఇళ్ల ముందు వీడియోలు తీసేముందు ఒక్క మాట అడగండి. అడిగితే టీ కూడా ఇస్తారు.

భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట కూర్చున్నాం. చాలాసేపయ్యాక వాడు అన్నాడు. "థర్డ్ ఇయర్‌లో మీ ఇంటి నుంచి పచ్చడి పార్శిల్ వచ్చింది, గుర్తుందా? నీకు జ్వరం. హాస్టల్ ఆఫీసు నుంచి తెచ్చింది నేనే."

"అయితే?"

"పైన ఫ్రమ్ అడ్రస్ ఉంది కదా. కంచరపాలెం, విశాఖపట్నం-8."

కాసేపు ఏం మాట్లాడలేకపోయా. "మరి ఆ రోజు థియేటర్లో తెలుసా అని ఎందుకడిగావ్?"

"చెప్తావేమో అని."

తిరుగు బస్సులో పెద్దగా మాట్లాడుకోలేదు. స్టేషన్ దగ్గర దిగాక అమ్మకి ఫోన్ చేశా, ఇద్దరం భోజనానికి వస్తున్నాం అని.

"బీచి నచ్చిందేటి ఆ బాబుకి?" అని అడిగింది.

"నచ్చిందటమ్మా. కానీ పచ్చడి ఇంకా ఉందేటి అని అడగతన్నాడు" అన్నా.

పక్కన వాడు నవ్వాడు. ఏడేళ్ల తర్వాత వాడి ముందు మొదటిసారి నా యాసలో మాట్లాడా.