లీటరుకు ఎంత ఆయిల్?

మోపెడ్ దారిలో ఆగిపోయిన మరుక్షణం కార్బురేటర్ విప్పదీయడం మరమ్మతు చేసేవారిలో ఎంతగా స్థిరపడిన అలవాటంటే, దోషం అక్కడ లేదని ఎన్నిసార్లు తేలినా అది మారదు. పెట్రోలును సన్నని తుంపరగా చేసి గాలితో కలిపే ఆ చిన్న పరికరంలో కదిలే భాగాలు బహు తక్కువ కాబట్టి, అది ఉన్నట్టుండి చెడిపోవడం అరుదు. పెట్రోలును కొలిచి పంపే జెట్టులోని సన్నని రంధ్రాన్ని ఇనుప తీగతో పొడిచి వెడల్పు చేయడం వల్ల, అంతవరకు బాగున్న కార్బురేటర్ ఆనాటితో నిజంగానే పాడవుతుంది.

సైకిలు వలె పెడళ్లు, 50 సీసీ లోపు ఇంజను గల పాత తరం మోపెడ్‌లో తప్పు వెదకడానికి ఒక క్రమం ఉన్నది. ముందుగా ప్లగ్గును ఊడదీసి, దాని కొనను చూడవలెను. లేత గోధుమరంగులో పొడిగా ఉంటే ఇంజను ఆరోగ్యంగా మండుతున్నదని, నల్లగా జిడ్డుగా ఉంటే ఆయిల్ ఎక్కువైనదని, తెల్లగా పాలిపోయి ఉంటే పెట్రోలు చాలక విపరీతంగా వేడెక్కుతున్నదని అర్థం. ప్లగ్గు రెండు మొనల మధ్య ఉండవలసిన ఎడం సుమారు అర మిల్లీమీటరు మాత్రమే కావడంతో, వెంట్రుకంత మసి తీగ అడ్డుపడినా నిప్పురవ్వ పుట్టదు, ఇంజను హఠాత్తుగా ఆగిపోతుంది. ఆ మసిని తుడిచిన వెంటనే, మరేమీ చేయకుండానే, బండి కదులుతుంది.

కొంతదూరం చక్కగా నడిచి ఆగి, కాసేపటికి మళ్లీ స్టార్టయ్యే బండి విషయంలో రెండు అనుమానాలకు తావున్నది. ట్యాంకు మూతలోని గాలి రంధ్రం మూసుకుపోతే, పెట్రోలు దిగిన కొద్దీ లోపల పీడనం తగ్గి, కిందికి వచ్చే ధార నిలిచిపోతుంది. మూత ఒక్కసారి తెరిచి మూస్తే బండి నడుస్తుంది కాబట్టి ఈ దోషాన్ని గుర్తించడం సులభం. మూత తెరిచినా ఫలితం లేకపోతే కండెన్సర్‌ను శంకించవలెను. పాయింట్లు, అనగా మాగ్నెటోలో విద్యుత్తును సరైన క్షణంలో తెంచే లోహపు తాకుళ్లు, కాలిపోకుండా కాపాడే ఈ భాగం బలహీనపడినప్పుడు, చల్లగా ఉన్నంతసేపు పనిచేసి వేడెక్కగానే విఫలమవుతుంది.

అయితే ఈ దోషాలన్నీ ఒక ఎత్తు, ఆయిల్‌ను చేతికి వచ్చినంత పోయడం ఒక ఎత్తు. ఈ మోపెడ్లలో ఉండే టూ స్ట్రోక్ ఇంజనుకు విడిగా ఆయిల్ గది ఉండదు. పిస్టన్‌కు, బేరింగులకు కావలసిన జిడ్డు పెట్రోలులో కలిపిన టూటీ (టూ స్ట్రోక్) ఆయిల్ ద్వారానే అందుతుంది. పాత నమూనాలకు లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్లు, అంటే 4 శాతం, పోయడం సాధారణం కాగా, మెరుగైన ఆయిళ్లు వచ్చాక 20 మిల్లీలీటర్లు చాలునన్నారు. ఇంత స్పష్టమైన కొలత ఉండగా, ఇంకాస్త పోస్తే ఇంజనుకు మేలన్న నమ్మకం ఊరూరా పాతుకుపోయింది; ఆ నమ్మకం పాడుచేసినన్ని ఇంజన్లను దుమ్ము కూడా పాడుచేసి ఉండదు. జెట్టు గుండా పోయే ద్రవం పరిమాణం దాదాపు మారదు కనుక, అందులో ఆయిల్ వాటా పెరిగితే పెట్రోలు వాటా తగ్గి, ఇంజను చల్లబడడానికి బదులు కొంత ఎక్కువగానే వేడెక్కుతుంది. ఆ వేడిని చూసి ఆయిల్ చాలలేదనుకున్న యజమాని మరునాడు మరింత పోస్తాడు. కాలని ఆయిల్ ప్లగ్గుపై మసిగా, పిస్టన్ తలపై పెచ్చుగా, పొగ బయటికి పోయే ద్వారం వద్ద గట్టి బొగ్గుగా పేరుకుంటుంది. ఆ ద్వారం ఇరుకైన బండి పల్లంలో బాగానే దిగి, ఎత్తు రాగానే మూలుగుతుంది. సైలెన్సర్ విప్పి బొగ్గు గీకితే తీరిపోయే ఈ జబ్బుకు బోరు చేయించి కొత్త పిస్టన్ వేయించినవారి ఖర్చును తలచుకుంటే బాధ కలుగుతుంది. కొలత సరిగ్గా ఉన్నా, ఆయిల్‌ను నేరుగా ట్యాంకులో పోసి కదపకుండా వదిలేస్తే, పెట్రోలు కంటే బరువైన ఆ ఆయిల్ అడుగుకు దిగి, విడిగానే కార్బురేటర్‌కు చేరుతుంది. వేరే డబ్బాలో రెండింటినీ కలిపి పోయడం నిమిషం పని.

తెలుగువారికి మోపెడ్ పరాయిది కాదు. ఫ్రాన్సుకు చెందిన మోటోబెకేన్ సాంకేతిక సహకారంతో సువేగాను తయారుచేసిన మోపెడ్స్ ఇండియా కర్మాగారం తిరుపతిలోనే ఉండేది. 1972లో కైనెటిక్ వారి లూనా, 1980లో టీవీఎస్ 50 వచ్చాక దేశమంతటా ఈ బండ్లు పెరిగాయి గాని, పెడళ్ల విలువను గుర్తించిన తరం ఆ తొలి నమూనాలతోనే ఆగిపోయింది. తర్వాతి నమూనాల్లో పెడళ్లు పోయి కిక్ రాడ్ వచ్చింది. 2015లో టీవీఎస్ తెచ్చిన ఫోర్ స్ట్రోక్ ఎక్స్‌ఎల్ 100తో ఆయిల్ కలిపే పని కూడా తప్పింది. ఆయిల్ బెడద పోవడం నిస్సందేహంగా మంచిదే. పెడళ్లు పోవడం మాత్రం నష్టమే, ఎందుకంటే అవి ఇంజను రాని పూట ఇల్లు చేర్చడమే కాక, లోపలి స్థితిని కాలికి తెలియజేసేవి. బండిని స్టాండు మీద నిలిపి, ఇంజనును కలిపి నెమ్మదిగా తొక్కినప్పుడు, ఇంజను ప్రతి చుట్టులోనూ ఒకచోట పాదానికి గట్టి ఎదురుబలం తగిలితే కంప్రెషన్, అంటే పిస్టన్ గాలిని అదిమిపట్టే శక్తి, నిలిచి ఉన్నదని తెలిసేది. పెడళ్లు ఏ అడ్డూ లేకుండా తేలికగా తిరిగితే రింగులు అరిగాయో, హెడ్ గాస్కెట్ పోయిందో ఒక్క పానా పట్టకుండానే ఊహించగలిగేవారు. కిక్ రాడ్ ఒక్క తోపుతో కిందికి దిగి ముగిసిపోతుంది కాబట్టి, అరుగుదల ముదిరేదాకా ఆ తేడా కాలికి అంత స్పష్టంగా అందదు.