గాజుతొట్టిలోని వేటగాడు

సముద్రజీవులలో ఆక్టోపస్ మిక్కిలి వింతైనది. దానికి ఎనిమిది బాహువులు, మూడు గుండెలు కలవు. ఇట్టి ప్రాణిని గాజుతొట్టిలో ఉప్పునీరు నింపి పెంచువారు కొన్ని దేశములలో కలరు. అమెరికాలోని కాలిఫోర్నియా తీరమున నివసించు రెండుచుక్కల ఆక్టోపస్‌ను తరచుగా ఇందుకు ఎన్నుకొందురు. కన్నుల క్రింద ఇరుప్రక్కల నీలివలయములు గల రెండు మచ్చలు ఉండుటచే దానికా పేరు వచ్చినది.

ఆక్టోపస్ పిల్ల తల్లి పోషణ నెరుగదు. తల్లి ఆహారము మాని గ్రుడ్లను కాచుచు, పిల్లలు వెలువడు కాలమునకు కృశించి మరణించును. కావున పిల్ల పుట్టిన నాటినుండియు తానే వేటాడి బ్రతుకవలెను. కదలుచున్న వస్తువుపైననే దాని దృష్టి తరచుగా పడును. అందుచే పెంచువారు మొదట మిక్కిలి చిన్న రొయ్యపిల్లలను ప్రాణముతోనే తొట్టిలో విడుతురు. ఎర పెద్దదైనచో అపాయము. పీత తన పటకారువంటి కాళ్లతో లేత బాహువును గాయపరుపగలదు.

వేటవేళ ఆ పిల్ల రాతిసందున పొంచి, రంగు మార్చుకొని, పీత సమీపింపగానే పైబడును. బాహువుల నడుమనున్న చర్మమును గొడుగువలె కప్పును. చిలుకముక్కువంటి నోటితో కొరికి, విషము గల లాలాజలముతో దానిని నిశ్చేష్టము గావించును. తుదకు డొల్ల మాత్రమే మిగులును. ఆ డొల్లను తీసివేయనిచో నీరు చెడిపోవును.

ఇచ్చట ఒక ధర్మసందేహము కలుగును. సముద్రమున వేట ప్రకృతిసిద్ధము. అచ్చట పీతకు పారిపోవు త్రోవ కలదు. గాజుతొట్టిలో అది లేదు. ఆ త్రోవను మూసినవాడు మనుష్యుడే. బ్రిటన్‌లో 2022లో చేయబడిన జంతుసంక్షేమ చట్టము ఆక్టోపస్‌నే గాక పీతలను, రొయ్యలను గూడ సుఖదుఃఖముల నెరుగు ప్రాణులుగా గుర్తించినది. తినునదియు, తినబడునదియు ఒకే పంక్తిలో నిలిచినవి.

అట్లని ఆక్టోపస్‌ను పస్తుంచుట దయ కాదు. మాంసము లేక అది బ్రతుకజాలదు. వివేకవంతులు మధ్యమార్గము నవలంబింతురు. పిల్ల కొంత పెరిగిన పిదప చచ్చిన రొయ్యముక్కను సన్నని పుల్లకు గ్రుచ్చి, దాని యెదుట నీటిలో మెల్లగా కదల్తురు. మొదట అది అనుమానించినను, పెక్కుమారులు చూపగా క్రమముగా అందుకొన నేర్చును. నేర్చుకొను శక్తి దానికి సమృద్ధిగా కలదు. ఒక ఆక్టోపస్ చేయు పనిని చూచి వేరొకటి నేర్చుకొనగలదని ఇటలీలోని నేపుల్స్ నగర పరిశోధకులు 1992లో ప్రకటించిరి.

ఈ జాతి ఆయువు ఇంచుమించు ఒకటి రెండు సంవత్సరములు మాత్రమే. దినమున కొక పీత చొప్పున వేసినను ఒక్క యేటికి 365 ప్రాణములగును. వింతకొరకు ఒక ప్రాణిని తెచ్చి తొట్టిలో నుంచదలచినవాడు, తొట్టిలో నీరు నింపుటకు ముందే ఈ లెక్క వేసికొనవలెను. ఆ ప్రాణి ఆకలికి గాని, దాని యెదుట విడిచిన పీత భయమునకు గాని అతడే బాధ్యుడు.